తొమ్మిదో టేకు

పదకొండింటికి రమ్మన్నారు. పది నిమిషాల ముందే వచ్చింది. ముందొచ్చినవాళ్ళను ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోబెట్టడం ఈ ఆఫీసుకు అలవాటు. సార్ మీటింగులో ఉన్నారు మేడమ్, గంట పట్టొచ్చు, ఈలోపు ఫెయిర్ కాపీ రాసి ఉంచమన్నారు అని ముందు బల్ల దగ్గరమ్మాయి నాలుగు గళ్ళ కాగితాలు, ఒక పెన్ను, మాదిరికి టైపు చేసిన కాగితం ఒకటి, గ్లాసుతో మంచినీళ్ళు పెట్టి పోయింది. నీళ్ళు అంచుకు రెండు వేళ్ళ కిందికి ఉన్నాయి. గ్లాసు ఎడమవైపు ఉంది. చూశారా, ఎవరూ అడక్కుండానే ఆమె కళ్ళు కొలిచేశాయి. ఈ కళ్ళకు ఇంకో పని రాదు. పదిహేనేళ్ళుగా ఆమె బతుకుతున్నది ఇదే పని మీద, ప్రకటనల షూటింగుల్లో కంటిన్యుటీ రాయడం. ముందు ముక్కలో జుట్టు పాయ చెవి వెనకుంటే తర్వాత ముక్కలోనూ చెవి వెనకే ఉండాలి, గ్లాసులో నీళ్ళు సగానికుంటే సగానికే ఉండాలి, లేకపోతే చూసేవాడు సరుకు సంగతి మర్చిపోయి నీళ్ళెవరు తాగారని ఆలోచిస్తాడట. అందుకే సెట్‌లో అందరూ ఆమెను డేగ అంటారు. ఎవరి కంటా పడనిది తన కంటపడుతుందని ఆమెకూ కాస్త గర్వం. ఉండేది. ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు, ఫైల్లో సబ్బు ప్రకటన షూటింగు రోజు తను రాసిన కాగితం తాలూకు గులాబీ రంగు కార్బన్ కాపీ. తెల్లది ఎడిటింగుకు పోయింది, తిరిగి రాలేదు. పసుపుది ఈ ఆఫీసులోనే ఉండాలి, కనిపించడం లేదట. ఎట్లా కనిపిస్తుంది, కనిపించకుండా చేసినవాడు తిన్నగా చేసి ఉంటే. ఇక మిగిలింది గులాబీది. దాన్ని అప్పజెప్పి, మాదిరి కాగితం చూసి శుభ్రంగా ఇంకొకటి రాసిచ్చి సంతకం పెట్టమంటున్నారు. ఆ సంతకం పడితే నడుం విరిగి ఆసుపత్రిలో పడున్న లైట్‌మన్ తన తప్పువల్లే దెబ్బ తిన్నట్టు. అతని ఇంటికి నష్టపరిహారం రాదు, వైద్యం వాళ్ళ తిప్పలు వాళ్ళవి. సంతకం పడకపోతే, సరే, పడకపోతే ఏమవుతుందో పోయిన వారం మేనేజరు ఫోనులో నెమ్మదిగా, తీయగా చెప్పాడు. దాని సంగతి తర్వాత. ముందు రాయి. రాస్తే చేతికి పని ఉంటుంది.

ఒకటో టేకు. ఎన్‌జీ, అంటే పనికిరాలేదు. ఇల్లాలి వేషం వేసిన అమ్మాయి నవ్వు ఆలస్యమైంది. రెండో టేకు, ఎన్‌జీ, నురగ జారింది. మూడు, ఎన్‌జీ, నురగ మళ్ళీ జారింది. సరుకేమిటంటే గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు. ప్లేటు తళతళా మెరవాలి, ఇల్లాలు దాన్ని ఎత్తి అందులో తన మొహం చూసుకొని నవ్వాలి, "మీ ప్లేటులో మీ నవ్వు" అని వెనకనుంచి గొంతు రావాలి. ఆ ప్లేటుకు ఆ సబ్బు ఒక్క చుక్క తగిలితే ఒట్టు. ఆర్ట్ వాళ్ళు కారుకు రుద్దే పాలిష్ రుద్దారు. నురగ గడ్డం గీసుకునే క్రీము. వంటింట్లో పొయ్యి వెలగదు, కొళాయిలో నీళ్ళు రావు, కిటికీ అవతల ఉన్నది పొద్దుటి వెలుగు కాదు, పన్నెండడుగుల ఇనప స్టాండు మీద నుంచి చేయిలాంటి పొడుగాటి కడ్డీ ముందుకు చాపి, ఆ చేయి చివర వేలాడదీసిన దీపం. ఇంత అబద్ధంలో నిజమైన వస్తువేదైనా ఉందంటే ఆ దీపం బరువొక్కటే. ముప్ఫై ఏళ్ళుగా ఆ బరువులు మోస్తున్నవాడు బాబాయి. సొంత బాబాయేం కాదు. అందరికీ బాబాయే. నాలుగో టేకుకు ముందు స్టాండు ఒరగకుండా దాని కాలి మీద నారింజ రంగు ఇసుక సంచి సర్దుతూ, బట్టతల తుడుచుకుంటూ, "డేగమ్మా, నా తల కూడా కంటిన్యుటీ కిందికొస్తుందా? పొద్దుటికీ ఇప్పటికీ ఒక వెంట్రుక తగ్గింది, రాసుకో" అన్నాడు. "రాశాన్లే బాబాయ్, ఉన్న రెండిట్లో ఒకటి పోయిందని" అంది. నాలుగు, ఎన్‌జీ. అయిదు, ఎన్‌జీ. ఇంతవరకూ కలం సాఫీగా నడిచింది. ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు కదా, నడవదా మరి.

ఆరు. ఆరో టేకు దగ్గర గులాబీ కాగితంలో రిమార్కుల గడి నిండా ఆమె దస్తూరీ. "ప్లేటు కుడి అంచున నారింజ మచ్చ. ఇసుక సంచి నీడ. నేను చెప్పాను." నేను చెప్పాను అని ఎందుకు రాసింది? ఎవరడిగారు? తనే కనిపెట్టిందని రేపు ఎడిటింగు గదిలో అందరికీ తెలియాలని రాసింది, అంతే, ఇంకేముంది అందులో. గోరంత మచ్చ. కెమెరామన్ చూడలేదు, దర్శకుడు చూడలేదు, సోఫాలో కాళ్ళూపుకుంటూ కూర్చున్న సబ్బు కంపెనీవాళ్ళు ముగ్గురూ చూడలేదు. డేగ చూసింది. "సార్, ప్లేటులో సంచి కనిపిస్తోంది" అని అరిచింది. దర్శకుడు బొమ్మ పెద్దది చేసి చూసి, "డేగంటే డేగే!" అని చప్పట్లు కొట్టాడు. ఆమె ఒళ్ళు పొంగింది. కంపెనీవాళ్ళలో ఒకడు కాళ్ళూపడం ఆపి మరీ చూశాడు ఆమెవైపు. ఆ గోరంత మచ్చను కంప్యూటరులో తుడిచెయ్యడానికి పది నిమిషాలు కూడా పట్టేది కాదని తర్వాత ఎడిటరు కుర్రాడు చెప్పాడు. పది నిమిషాలక్కా, టీ చల్లారేలోపు. ఆ మాట విన్నప్పట్నుంచీ ఆమె టీ మానేసింది. కానీ ఆ రోజు ఎవరూ ఆ మాట అనలేదు. మచ్చ ఉంది, కాబట్టి తీసెయ్. దర్శకుడు "తీసెయ్" అంటే తీసెయ్యడమే. సెట్‌లో ఆ మాటకు ఎదురు ఉండదు. "తీస్తే స్టాండు నిలవదు సార్, చేయి చాలా ముందుకు చాపాం" అన్నాడు బాబాయి. అన్నాడు. చెవులున్నవాళ్ళు పద్నాలుగు మంది విన్నారు. "ఒక్క టేకు బాబాయ్, ఒక్కటంటే ఒక్కటి. నువ్వు పట్టుకో, నీ చేతిలో ఉంటే సంచెందుకు?" ఆ దర్శకుడికి బాబాయి కొడుకు వయసుంటుంది. అవసరమైనప్పుడు బాబాయ్, అవసరం తీరాక, ఇదిగో ఈ మాదిరి కాగితంలో చూడు ఏమని టైపు చేశారో, "సదరు లైట్‌మన్". వరస కలిపి పని చేయించుకుంటారు, ఎముక విరగ్గానే సదరు అయిపోతాడు. వరస కలిపి పిలిస్తే కాదనలేని మనిషని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఆమె కూడా బాబాయ్, ఆ తీగ కాస్త పక్కకు తియ్యవూ అని ఎన్నిసార్లు అనలేదు.

నీళ్ళు తాగింది. మూడు వేళ్ళ కిందికి దిగాయి. ఎదురు గోడకున్న పెద్ద తెర మీద ఈ ఆఫీసువాళ్ళు తీసిన ప్రకటనలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి, మాట వినిపించకుండా. టూత్‌పేస్టు. బ్యాంకు. పరుపు మీద ఎగిరి పడే పిల్లలు. ఆ పరుపు షూటింగులో పొగ మెషిన్ దగ్గర మూడు రోజులు నిలబడ్డ మనిషి ఇప్పటికీ మెట్లెక్కితే ఈల వేసినట్టు ఊపిరి తీస్తాడు. బ్యాంకు ప్రకటన బోర్డు ఎత్తడానికి నాలుగంతస్తుల ఎత్తు ఇనప చట్రం ఎక్కినవాడికి నడుముకు కట్టుకునే తాడు ఒకటి ఇచ్చారు, దాన్ని దేనికి తగిలించాలో చెప్పలేదు, తగిలించడానికి అక్కడ కొక్కెమే లేదు. గోడలకు రంగులు వేసే ఆయన మూసిన గదిలో థిన్నరు పీల్చి పీల్చి ఇంటికెళితే అన్నం వాసన తెలియడం లేదన్నాడు, అందరూ నవ్వారు, అయితే మీ ఆవిడకు మంచిదేనన్నారు. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? ఈ పనిలో దెబ్బ తగిలినవాడు ముందు నవ్వాలి. నవ్వకపోతే తర్వాతి పనికి పిలవరు. అయ్యో ఏమీ కాలేదు సార్, చిన్న గీత, ఇంకో టేకు చేద్దాం అనాలి. రక్తం కారుతున్న వేలు వెనక్కి దాచుకొని నిలబడినవాళ్ళను ఎంతమందిని చూసింది! చూడటమే. ఎక్కడా రాయలేదు. రిమార్కుల గడిలో నురగ జారింది అని రాస్తుంది, వేలు తెగింది అని రాయదు. వేలు ఫ్రేములో లేదు కదా. ఫ్రేములో లేనిది లేనట్టే. ఎవరు నేర్పారు తనకీ లెక్క? ఎవరో పని గట్టుకొని నేర్పలేదు. మొదటి రోజే అర్థమైపోయింది. అదీ అసలు సిగ్గుచేటు, ఎవరూ చెప్పకుండానే అర్థమైపోవడం.

ఏడు, ఎన్‌జీ. "సంచి తీశారు. స్టాండు బాబాయి పట్టుకున్నాడు. తెల్ల చొక్కా ప్లేటులో కనిపిస్తోంది." ఎనిమిది. "బాబాయికి నల్లగుడ్డ కప్పారు." నలుపు మెరవదు, ప్లేటులో పడినా నీడలాగే ఉంటుంది. అందుకని ఆర్ట్ వాళ్ళ దగ్గర నల్లటి గుడ్డ తెచ్చి అతని తల మీద నుంచి మోకాళ్ళదాకా కప్పేశారు. స్టాండు కాళ్ళ మధ్య గొంతుక్కూర్చొని రెండు చేతులతో ఇనప గొట్టాన్ని కౌగలించుకున్నాడు. లోపల్నుంచి గొంతొచ్చింది, "ఇప్పుడు నా తలకాయ కంటిన్యుటీ తప్పినా ఎవడికీ తెలీదు డేగమ్మా!" అందరూ నవ్వారు. ఎనిమిది, ఎన్‌జీ, అమ్మాయి కన్నార్పింది. తొమ్మిది.

తొమ్మిది దగ్గర కలం ఆగింది. గులాబీ కాగితంలో తొమ్మిది చుట్టూ సున్నా ఉంది. బాగా వచ్చిన టేకు అంకె చుట్టూ సున్నా చుట్టడం పద్ధతి. దర్శకుడు "ఓకే!" అని అరిచాడు, కెమెరామన్ బొటనవేలు చూపించాడు, కంపెనీవాళ్ళు సోఫాలోంచి లేచారు. అయిపోయింది. సున్నా చుట్టేసింది. బాబాయి గుడ్డ లోపల్నుంచి "లేవనా?" అన్నాడు. అప్పుడు వచ్చింది ఆ మాట. ఈ పనిలో ప్రతిరోజూ వచ్చేదే, బాగా వచ్చిన ప్రతి టేకు తర్వాతా వచ్చేదే. "ఉండుండు, ఎందుకైనా మంచిది, ఇంకొకటి తీద్దాం." ఎందుకైనా మంచిది! ఎవరికి మంచిది? ఎప్పుడైనా ఎవడైనా అడిగాడా? చేతిలో పని పూర్తయింది, సున్నా పడింది, అయినా ఒక మనిషిని ఇనప గొట్టానికి కట్టేసినట్టు కూర్చోబెట్టి ఎందుకైనా మంచిదని పది, ఎందుకైనా మంచిదని పదకొండు, పన్నెండు, పదమూడు. వాటిలో ఒక్కటీ వాడలేదు. వాడరని తీసేటప్పుడే అందరికీ తెలుసు. మాదిరి కాగితంలో తొమ్మిది చుట్టూ సున్నా లేదు. పదమూడు చుట్టూ ఉంది. అదీ వాళ్ళ తెలివి. పదమూడే బాగా వచ్చిందంటే పదమూడుదాకా అతన్ని కూర్చోబెట్టడం అవసరమైన పనైపోతుంది. ఏడు నుంచి పదమూడుదాకా రిమార్కుల గడి ఖాళీ, సంచి మాటే లేదు. పద్నాలుగు దగ్గర, "సదరు లైట్‌మన్ స్టాండును తనవైపు లాగడం వల్ల టేకు ఆగిపోయినది." ఆగిపోయినది! ఆగిపోయింది టేకు!

ఇందులో ఒళ్ళు మండించే సంగతేమిటంటే, అతను నిజంగానే లాగాడు. అబద్ధం కాదది. పద్నాలుగో టేకుకు మోకాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, కొంచెం కదిలాడు, నల్లగుడ్డ చిన్నగా వణికింది, డేగ అది కూడా చూసింది, చూసి ఏమనుకుందో తెలుసా, గుడ్డ కదిలితే నీడ కదులుతుందేమో, ముందు టేకుకు పొంతన కుదరదేమో అనుకుంది. అదీ ఆమె అనుకున్నది. అంతలో స్టాండు ముందుకు ఒరిగింది. ముందు ఆ అమ్మాయి ఉంది, ప్లేటులో నవ్వు చూసుకుంటూ. గొట్టం వదిలేసి పక్కకు దొర్లితే అతనికి గీత కూడా పడేది కాదు. వదల్లేదు. వెనక్కి, తనమీదికి లాక్కున్నాడు. దీపం, చేయి, గొట్టం, అన్నీ ఆ నల్లగుడ్డ మీద పడ్డాయి. గుడ్డ కింద మనిషి ఉన్నాడని క్షణం సేపు ఎవరికీ గుర్తు రానట్టే అందరూ ఆ అమ్మాయి వైపు పరిగెత్తారు. ఆ అమ్మాయే అరిచింది, "ఆయన! ఆయన కింద ఉన్నాడు!" అని. మరి డేగ ఏం చేసింది? గడియారం చూసింది. మూడూ నలభై రెండు. రాసుకుంది. పద్నాలుగు, ఎన్‌జీ, మూడూ నలభై రెండు. ఆ తర్వాతే కాగితం కింద పడేసి పరిగెత్తింది. రెండు క్షణాలు, మహా అయితే మూడు. ఎవరూ గమనించలేదు, ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం గులాబీ రంగు మీద నీలం అక్షరాల్లో ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

తెర మీద సబ్బు ప్రకటన వచ్చింది. ఇంకా టీవీల్లోకి రాలేదు, వచ్చే వారమట, ఇక్కడ ముందే తిప్పుతున్నారు, ఎంత సంబరమో. ఆమె చూడటం ఇదే మొదటిసారి. నురగ. చేతులు. కిటికీలోంచి పొద్దుటి వెలుగు. ఇల్లాలు ప్లేటు ఎత్తింది. తొమ్మిదో టేకే, జుట్టు పాయ చెవి వెనక, నవ్వు సరిగ్గా పడింది. ప్లేటులో మొహం. ఆ మొహానికి కుడిపక్కన, ప్లేటు అంచు వంపు తిరిగేచోట, నల్లగా. ఎవరికీ కనిపించదు, నీడ అనుకుంటారు, అసలేమీ అనుకోరు. మూటలాగా ఒంగిన వీపు. గొట్టాన్ని పట్టుకున్న రెండు మోచేతులు. ఆమెకు మోచేతులు కూడా కనిపించాయి, కనిపించాయో, తెలుసు గనక కనిపించినట్టు ఉన్నాయో. ప్రకటన అయిపోయింది, టూత్‌పేస్టు వచ్చింది. ఇంటింట్లో, భోజనాల వేళ, ఆ వీపు ప్లేటు అంచున కూర్చొని ఉంటుందిక. నారింజ మచ్చ పనికిరాలేదు, నల్లటి మనిషి పనికొచ్చాడు.

ముందు బల్ల దగ్గరమ్మాయి, "అవుతోందా మేడమ్?" అంది. "అవుతోంది" అంది. గ్లాసు ఖాళీ అయింది. ఎప్పుడు తాగిందో గుర్తు లేదు, మొదటిసారి ఆమె కళ్ళు లెక్క తప్పాయి.

పోయిన వారం ఫోనులో మేనేజరు ఏమన్నాడంటే, "చూడండమ్మా, మీ కాగితం అట్లాగే బయటికెళితే ముందు ఎవర్ని పట్టుకుంటారు? సంచి తీయించింది ఎవరు? నేను చెప్పాను అని మీరే రాసుకున్నారు. మీ మంచికే చెబుతున్నా." మీ మంచికే అని ఎవరైనా అన్నారంటే చేతులు వెనక్కి పెట్టుకోవాలని ఆమెకు ఈ వయసుకు తెలియాలి, అయినా ఆ మాటకు గుండె జారింది. నిజమేగా. తను నోరు మూసుకొని ఉంటే ఆ మచ్చ ఎవరికీ పట్టేది కాదు. ఆరో టేకు చుట్టూ సున్నా పడేది. మూడు రాత్రులు నిద్ర లేదు. నాలుగో రోజు పొద్దున అత్తగారు ఎదురుగా కూర్చుంది. అత్తగారు టీవీలో ప్రకటనలు తప్ప ఏమీ చూడదు, కథలొస్తే మార్చేస్తుంది, కోడలు పనిచేసినవి ఎక్కడున్నాయా అని వెతుకుతుంది. "ఏమిటే ఆ మొహం, ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు" అంది. చెప్పింది. సంచి, మచ్చ, బాబాయి, తెల్ల చొక్కా, నల్లగుడ్డ. అత్తగారు అంతా విని, ఏమీ తెలియనిదానిలాగా అడిగింది. "మరి ఆ నల్లగుడ్డేదో సంచి మీదే కప్పొచ్చు కదే?"

ఆ మాట ఇప్పటికీ చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టే ఉంది. సంచి మీదే కప్పొచ్చు. అంతే. గుడ్డ అక్కడే ఉంది, సంచి అక్కడే ఉంది, ఒకదాని మీద ఒకటి వేస్తే సరిపోయేది. పద్నాలుగు మంది, ఏళ్ళ తరబడి అదే పని చేసినవాళ్ళు, కెమెరాలు తెలిసినవాళ్ళు, వెలుగులు తెలిసినవాళ్ళు, ఒక్కడికీ తట్టలేదు. డేగకు తట్టలేదు. చివరికి బాబాయికే తట్టలేదు. తట్టకపోవడం కాదది. సంచిని తీసెయ్ అన్నాడు దర్శకుడు, కాబట్టి సంచి లెక్కలోంచి పోయింది. మనిషిని పట్టుకోమన్నాడు, కాబట్టి ఇక మిగిలిన చిక్కల్లా మనిషి చొక్కా ఒక్కటే. ఆ చిక్కు తీర్చడానికి అందరూ ఎంత చురుగ్గా పరిగెత్తారో! ఎవడో గుడ్డ తెచ్చాడు, ఎవడో మడత విప్పాడు, ఆమె అంచు సర్దింది. అవును, ఎడమవైపు పాదం కనిపిస్తుంటే వంగి ఆమే సర్దింది. వస్తువు మీద కప్పాల్సింది మనిషి మీద కప్పారు. వస్తువును పక్కకు తీసి జాగ్రత్తగా గోడవారన పెట్టారు, చిరిగితే ఇసుక కారుతుందని.

ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళింది. బాబాయి భార్యను ఆమె పిన్నీ అంటుంది, అది మనసారా కలిపిన వరసే, బలవంతపు వరస కాదు, పెళ్ళికి ముందు పనుల్లేని రోజుల్లో ఆ ఇంట్లో ఎన్ని భోజనాలు చేసిందని. పిన్ని ఏడవడం లేదు, అదే భయంగా ఉంది. "కాళ్ళు ఇంకా కదలట్లేదమ్మా, చూద్దామంటున్నారు" అంది, పక్కింటావిడ సంగతి చెప్పినట్టు. బాబాయి వెల్లకిలా పడుకొని కప్పులో దీపం చూస్తున్నాడు. "ఎవడు బిగించాడే దాన్ని, వంకరగా ఉంది" అన్నాడు. ఆమె నవ్వబోయింది, రాలేదు. అప్పుడు అడిగాడు. "అది సరేగానీ డేగమ్మా, ఏ టేకు ఓకే అయింది?" ఆమె చూపు పిన్ని వైపు పోయింది, మంచం వైపు పోయింది, దుప్పటి కింద కదలకుండా ఉన్న రెండు పాదాల వైపు పోయింది. "పదమూడు బాబాయ్" అంది. "పదమూడా!" అని కళ్ళు మూసుకున్నాడు, మొహం తేలికపడింది. "అయితే పడేముందు పనైపోయిందన్నమాట. పోన్లే." పోన్లే అన్నాడు. ఆ పోన్లే కోసమే చెప్పింది. తొమ్మిది అని చెబితే, తర్వాతవన్నీ దండగ, నీ నడుం దండగకు విరిగింది అని చెప్పినట్టే కదా, ఏ నోటితో చెబుతుంది? జాలిపడి చెప్పిన అబద్ధం. ఇప్పుడీ బల్ల మీద, టైపు చేసిన అక్షరాల్లో, అదే అబద్ధం. అదే అంకె. వాళ్ళు తమ జేబు కాపాడుకోవడానికి పదమూడు అన్నారు, ఆమె ఒక ముసలాయన మనసు కాపాడటానికి పదమూడు అంది, రెండూ ఒకే గడిలో, ఒకే సున్నాలో ఎంత ఒద్దికగా ఇమిడిపోయాయి! పొంతన అంటే ఇదేనా? పదిహేనేళ్ళ పనితనం ఇదేనా? అతనికి జాలితో చేసింది వీళ్ళకు ఉపకారమైంది. ఆమె ఏమీ రాయక్కర్లేదు, చెప్పిన అబద్ధాన్నే కాగితం మీద పెడితే చాలు, బాబాయి కూడా అవునంటాడు, డేగమ్మే చెప్పింది పదమూడని, ఆమె కన్ను తప్పదు అంటాడు.

ఇది అతనికి ముందు తెలియాలి. ఎవడో నల్లకోటు వేసుకున్నవాడు కాగితం చదివి వినిపించినప్పుడు కాదు. ఫోను తీసింది. రెండుసార్లు మోగాక పిన్ని ఎత్తింది. "ఏమ్మా?" "బాబాయికివ్వు పిన్నీ." "ఏమైంది, గొంతు అట్లా ఉందేం?" "ఇవ్వు పిన్నీ, ఒక్క నిమిషం." దుప్పటి రాపిడి, ఇనప మంచం చప్పుడు, తర్వాత ఊపిరి.

"చెప్పు డేగమ్మా."

"బాబాయ్, నీకు అబద్ధం చెప్పాను. పదమూడు కాదు. తొమ్మిది."

ముందు బల్ల దగ్గరమ్మాయి తల ఎత్తింది, మళ్ళీ దించుకుంది. తెర మీద పరుపు మీద పిల్లలు ఎగిరారు, పడ్డారు.

"తొమ్మిది" అన్నాడు బాబాయి. "నేను లేవనా అని అడిగాను చూడు, అప్పుడు."

"అప్పుడే."

"అప్పటికే అయిపోయిందా?"

"అయిపోయింది బాబాయ్. సున్నా కూడా చుట్టేశాను."

"మరి..." అని ఆగాడు. ఆ మరి తర్వాత ఏముందో ఆమెకు తెలుసు. ఎందుకైనా మంచిదని బాబాయ్ అని చెప్పాలా? పళ్ళు బిగబట్టింది. "ఇంకోటుంది. మచ్చ చూపించింది నేనే. ఆరో టేకులో."

"అది నాకు తెలుసులేవే. నీ గొంతు నాకు తెలీదా, గోడలు అదిరేట్టు అరిచావు." తర్వాత వచ్చిన గొంతు వేరేగా ఉంది, ఆమె ఎప్పుడూ విననిది, నవ్వు లేనిది. "ఇన్నాళ్ళూ నేనే కాలు కదిలించి చెడగొట్టాననుకుంటున్నా. పదమూడుకన్నా బాగా రావాల్సిన పద్నాలుగోది నావల్ల పోయిందని. రోజూ అదే అనుకుంటున్నా ఇక్కడ పడుకొని. అసలు ఆ పద్నాలుగోది ఎవడికీ అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"ఎవడికీ?"

"ఎవడికీ బాబాయ్."

"రాయి" అన్నాడు. "మళ్ళీ ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతా. లేవనా అని అడిగాను, ఉండమన్నారు. అది రాశావా?"

"లేదు. అప్పుడు రాయలేదు."

"ఇప్పుడు రాయి. నా మాట కూడా ఒకటి ఉండాలిగా అందులో."

ఫోను పెట్టేసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు, కోపం కూడా అరవాలన్నంతగా రాలేదు. మాదిరి కాగితాన్ని బోర్లా తిప్పింది. తొమ్మిది. ఓకే. అంకె చుట్టూ సున్నా చుట్టింది, కింద కాగితానికి కూడా అచ్చు దిగేట్టు నొక్కి. రిమార్కుల గడిలో: "లైట్‌మన్ లేవనా అని అడిగాడు. ఎందుకైనా మంచిది, ఉండమన్నారు." గడి చాలలేదు, గీత దాటి పక్క గడిలోకి పోయింది, పోనీ. ఆరు దగ్గరికి వెనక్కొచ్చి నేను చెప్పాను అని మళ్ళీ రాసింది, గులాబీ కాగితంలో ఉన్నట్టే, ఒక్క అక్షరం మారకుండా. ఏడు దగ్గర, సంచి తీస్తే స్టాండు నిలవదని లైట్‌మన్ చెప్పాడు. ఎనిమిది దగ్గర, నల్లగుడ్డ సంచి మీద కప్పలేదు, మనిషి మీద కప్పారు, అంచు నేను సర్దాను. పది, అనవసరం. పదకొండు, అనవసరం. పన్నెండు, అనవసరం. పదమూడు, అనవసరం. పద్నాలుగు, మూడూ నలభై రెండు. స్టాండు ఆ అమ్మాయి మీదికి ఒరిగితే తనమీదికి లాక్కున్నాడు. సంతకం పెట్టింది. గులాబీ కాగితం ఫైల్లోంచి తీసి నాలుగు మడతలు మడిచి బ్యాగు అడుగున, ఇంటి తాళాల కింద పెట్టుకుంది. అది ఈ గదిలో ఎవరి చేతికీ ఇవ్వదు. అది పిన్ని చేతికి వెళ్ళాలి, అక్కణ్ణుంచి ఎక్కడికెళ్ళాలో అక్కడికి. తర్వాతి పనికి తనను ఎవరూ పిలవరు. సరే. పిలవకపోతే పిలవకపోయారు. ఈ కళ్ళు ఇంకో పని నేర్చుకుంటాయి.

లోపలి గది తలుపు తెరుచుకుంది. మేనేజరు బయటికొచ్చాడు, చేతిలో ఇంకో ఫోను, మొహంలో గంట సేపు కూర్చోబెట్టినవాడి మర్యాద. "సారీ అమ్మా, చాలాసేపు ఆపేశాను. అయిందా?"

ఆమె లేచి కాగితాలు అందించింది.

"తొమ్మిదికే అయిపోయింది సార్."